తొమ్మిది పాయల జడ

ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపాను మాంటెవిడియోలో.
నా వెనక నలభై మంది,
ఎవరి కిటికీ వాళ్ళది.
ఒక్కరైనా మలుపులో దూకి
దీపస్తంభం వాసన చూసి రాలేదు.

ఇప్పుడు కుక్కలు.
పొద్దున్నే ఏడింటికి
నడుముకి తోలు పటకా, దానికి తొమ్మిది కొక్కేలు,
జేబులో ఉడికించిన కాలేయం ముక్కలు,
చంకలో మాతే తేనీటి ఫ్లాస్కు.
మొదటి గంట నొక్కుతాను.
నాలుగో అంతస్తు నుంచి లిఫ్టులో ఒంటరిగా దిగుతాడు గర్బాన్సో,
పాత గుమాస్తాలా, ఎవరి మొహమూ చూడకుండా.
పక్క వీధిలో ముఫా మాత్రం మెట్ల మీంచి ఊడిపడతాడు,
బాకీదారు కనిపించినట్టు నా మీదకి.

ముక్కుసూటిగా పోవాలిరా అనేవాడు మా నాన్న.
దాని అర్థం వీటితోనే తెలిసింది.
ముక్కులు తొమ్మిది,
సూటి దారులూ తొమ్మిదే,
నడుమ నేను,
తాడు వదలని బొంగరంలా.

పావురం లేస్తే ఎడమకి.
బేకరీ తలుపు తెరుచుకుంటే కుడికి.
ఓరోజు చెత్తడబ్బా వెనక పిల్లి,
అది పిల్లి కూడా కాదు, గాలికి ఉబ్బిన నల్ల సంచి,
దాని కోసం సగం వీధి మోకాళ్ళ మీద వెళ్ళాను.
పళ్ళమ్మే దెల్ఫీనా అరిచింది:
"ఎవరు ఎవర్ని తిప్పుతున్నారు, దోన్ అనీబాల్?"
లెక్క చూసుకున్నాను. తొమ్మిదీ ఉన్నాయి.
ప్యాంటుకి రెండు చిరుగులు.

ఇక పలుపులు చిక్కుపడ్డాయంటే
ఎరుపు నీలం కిందనుంచి, నీలం ఆకుపచ్చ మీదనుంచి,
పొట్టికాళ్ళ టీటా అందరి పొట్టల కిందనుంచి.
నా కూతురు ఇల్దాకి ఏడేళ్ళప్పుడు
వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఉన్న నెలంతా
మూడు పాయల జడ వెయ్యడం చేతకాక
రబ్బరుబ్యాండు చుట్టి బడికి పంపాను.
ఇప్పుడు నడివీధిలో గొంతుక్కూచుని
తొమ్మిది పాయలు విప్పుతాను,
ఎవరెవరో నా మొహం నాకుతుంటే.
ఇల్దాకి ఫొటో పంపాను.
"ఈ ఓపిక అప్పుడెక్కడ దాచావు?" అని రాసింది.

విశ్వాసమంటే ఇదీ అని
పిల్లలకి చూపిస్తారు దారిన పోయేవాళ్ళు.
నాకు తెలుసు, విశ్వాసం నా కుడి జేబులో ఉంది.
పదింటికల్లా అయిపోతుంది.

అయినా, తీరం రోడ్డెక్కాక,
తను నదో సముద్రమో ఇంకా తేల్చుకోని ఆ నీటి పక్కన,
గాలి ఎదురొచ్చి
అందరి చెవులూ ఒక్కసారే వెనక్కి మడిచినప్పుడు,
ఒక్కోరోజు, రోజూ కాదు,
ముప్పయ్యారు కాళ్ళు, నావి రెండు,
ఒకే అడుగులో పడతాయి.
పలుపులన్నీ వదులు. కొక్కేలు మోగవు.
ఇరవై అడుగులు. ఒకసారి ముప్పై లెక్కపెట్టాను.
బస్సుకీ ఇలాంటి ఘడియ ఉండేది,
వరసగా పచ్చదీపాలు పడి
ఎవరూ గంట కొట్టనప్పుడు.

పోయిన ఆగస్టు చలిలో ఉర్సులా పోయింది.
పదిహేనేళ్ళ ముసలి వేటకుక్క. అందరికన్నా నిదానం,
అందుకే అందరూ దాని నడకే నడిచేవాళ్ళు.
మర్నాడు ఎనిమిది.
పటకాకి ఒక కొక్కెం ఊరికే ఊగుతోంది.
ఎక్కేవాళ్ళు లేని స్టాపులో బస్సు ఆగదు.
దాటించేద్దామనే అడుగు పెంచాను.

ఆగాయి.
ఎనిమిదీ ఆ పచ్చ తలుపు ముందు కూచున్నాయి,
లిఫ్టు చప్పుడు కోసం తలలు ఓరగా వంచి.
వాచ్‌మన్ వాల్తెర్ చీపురు పట్టుకుని నన్ను చూశాడు.
నేను నా బూట్లు చూసుకున్నాను.
ఎంతసేపో. ఏ టైంటేబుల్లోనూ లేనంతసేపు.

చివరికి ముఫా లేచాడు.
గడప పక్కన కాలెత్తి,
టికెట్టు చింపి ఇచ్చినట్టు, కాస్త పోశాడు.
వాల్తెర్ ఏమీ అనలేదు, బకెట్టు తెచ్చాడు.
పదండి, అన్నాను.
తలో దిక్కుకీ లాగాయి.