అడ్డం పదకొండు, రెండక్షరాలు

పొద్దంతా ఎనుమాముల యార్డుల
తక్‌పట్టీలు రాస్తా.
పులి కొమురెల్లి, తేజ మిర్చి, పద్నాలుగు బస్తాలు.
ఏనుగు సాంబరెడ్డి, పత్తి, ఒక డీసీఎం నిండ.
ఈగ ఐలయ్య, పసుపు, తేమ ఎక్కువున్నదని వాపసు.
పులి వచ్చిందని మైకుల పిలిస్తే
ఎవ్వలూ ఉరకరు.
ఏనుగే పోయి ఈగను బీడీ అడుగుతది.

రాత్రి చేతులకు ఘాటు ఉండంగనే
కండ్లు తుడుసుకోకుండ జాగర్తపడుకుంట
గళ్ళ కాయిదం ముందటేసుకుంటా.
హన్మకొండల అచ్చయ్యే ఒక వారపత్రికకు
పన్నెండేండ్ల సంది నుడికట్టు కట్టేది నేనే.
వారానికి రెండువందలు.
అండ్ల తొమ్మిది వారాలు బాకి.

ఈసారి అన్నీ కుదిరినయి గని
అడ్డం పదకొండుల రెండు గళ్ళు మిగిలినయి.
మొదటిది గ.
గద్ద పడుతది, గట్టు పడుతది,
గడ్డి పడుతది.
చెయ్యి నన్ను అడుగకుండనే
గడ్డం అని రాసింది.

ఇగ ఆధారం కావాలె.
'బ్లేడుకు లొంగేది'
చిన్న పోరడు సుత చెప్తడు. కొట్టేసిన.
'అడ్డానికి ముందు గ నిలబడితే'
ఇది పంతుళ్ళకు. కొట్టేసిన.
'కరీంనగర్ బస్సుల పిలువు,
నలుగురు తిరిగి చూస్తరు'
నిజమే గని, పత్రికల అంత జాగ లేదు.

నర్సంపేట హైస్కూలు, ఎనిమిది, బీ సెక్షన్.
పదిహేడు, గడ్డం చంద్రకళ.
పద్దెనిమిది, గాదె వీరస్వామి, అంటే నేను
(మా ఇంట్ల వడ్లు లేకున్నా ఆ పేరుండె).
సారు గడ్డం అనంగనే
వెనుక బెంచీ అంతా గదుమ గోక్కునేది.
ఒకనాడు ఆమె లేచి నిలబడి
లేని మీసం మెలేసి
'హాజరు సార్' అన్నది.
సారు సుత నవ్విండు.
తెల్లారి నుంచి ఎవ్వలూ గోక్కోలే.

ఆమె తర్వాత నేను.
మా నడుమ ఒక్క దీర్ఘం.
గళ్ళు కట్టేటోనికి తెలుసు,
గ వేరు, గా వేరు,
ఒక్క గడిల రెండూ ఇమడయి.
అడ్డం వచ్చే పేరు, నిలువు దిగే పేరు
అక్కడ కలువయి.
ఇండ్ల ఎవ్వల తప్పూ లేదు.

పోయినేడు మిర్చి తెచ్చింది,
పరకాల దిక్కు నుంచి, ఆటో ట్రాలీల.
పేరు చెప్పకముందే తక్‌పట్టీ మీద
గడ్డం అని రాసిన.
తలకాయ వంచి చూసింది.
'కొట్టెయ్యి. మేకల అని రాయి.
పాసుబుక్కుల అట్లనే ఉన్నది,
లేకుంటే పైసలు పడయి.'
కొట్టేసి, కొట్టేసిన కాడ పొట్టి సంతకం పెట్టిన.
రెండుసార్లు తుమ్మింది. పోయింది.

ఆధారం ఆఖరుకు ఇట్ల కుదిరింది:
'ఆడపిల్ల పుట్టింట్ల పెంచుకొని
అత్తింటి గడపకాడ గీసుకునేది.'
ఎడిటరు చదివి, ఇదేం ఆధారమయ్యా అన్నడు.
జాగ నింపాలె గనుక వేసిండు.

నలభై మూడు కార్డులొచ్చినయి.
భూపాలపల్లి నుంచి ఒకాయన 'గర్వం' అని రాసిండు.
అది సుత రెండక్షరాలే. చానసేపు చూసిన.
జనగామ కార్డుల ఆ గళ్ళు
ఖాళీగనే ఉన్నయి.
అడుగున పరకాల ముద్ర ఉన్న కార్డు.
అన్ని గళ్ళూ నిండినయి, ఒక్క దిద్దుబాటు లేదు.
ఓరకు నీలి సిరాతోని చిన్న అక్షరాలు:
'మేకకు సుత ఉంటది వీరస్వామీ.
నువ్వు సరిగ్గ చూడలే.'

పక్కింటోళ్ళు లేచేటట్టు నవ్విన.
కండ్లు తుడుసుకున్న.
చేతులకు మిర్చి ఉన్న సంగతి మరిచిపోయిన.

లాటరీల ఆ కార్డే వచ్చింది అని రాస్తే
ఎవ్వలూ నమ్మరు గని, వచ్చింది.
బహుమతి యాభై రూపాయలు.
మనియార్డరు ఫారం మీద
గ అని ఒక్కక్షరం పెట్టి
పెన్ను ఎత్తి పట్టుకున్న,
గడియారంల కరెంటు పోయి వచ్చేదాక.

ఇంకో ఫారం తీసి
మేకల అనే రాసిన.
పైసలు పడాలె గదా.