అతుకు

మొగల్తూరు రోడ్డులో రొయ్యల కంపెనీ మూతపడ్డాక
వేలంలో పదకొండు వేలకు పాడి తెచ్చుకున్న సర్వరు అది.
ఇద్దరం మోసుకొచ్చి, నరసాపురంలో
నా ఎడిటింగు గది బల్ల మీద దించితే
ఏసుపాదం దాని చుట్టూ తిరిగి
"దీనికి చక్రాలు మర్చిపోయినట్టున్నారు గురూ" అన్నాడు.

మీట నొక్కాం.
చెరువు మీద ఏరేటర్లన్నీ ఒక్కసారే తిరిగినట్టు
పంకాలు గొల్లుమన్నాయి.
పక్క కొట్లో టైలరు మిషను ఆపి తొంగిచూశాడు.

లోపల రెండు ప్రాసెసర్లు,
ఒక్కోదానిలో పద్నాలుగు కోర్లు.
ఈ పక్కన నా డెస్క్‌టాపు,
కిందటేడు చీటీ పాడి కొన్నది.
ఎనిమిదే కోర్లు గాని కాలు నిలవదు,
సెకనుకు ఐదొందల కోట్ల అడుగులు.
సర్వరుది అందులో సగం కూడా లేదు.

టీ పందెం.
నేను సర్వరు వైపు. పదకొండు వేలు పెట్టినవాణ్ణి మరి.

మొదట ఒకే ఒక్క లెక్క ఇచ్చాను,
ముందు మెట్టు తేలితేగాని
తర్వాత మెట్టు కనపడని లెక్క.
పదకొండు నిమిషాల్లో డెస్క్‌టాపు చేతులు దులుపుకుంది.
సర్వరులో ఒక్క కోరు చెమటోడుస్తుంటే
తక్కిన ఇరవై ఏడూ
పంటు కోసం రేవులో కూర్చున్న జనంలా
చూస్తూ ఉన్నాయి.
ఇరవై నాలుగు నిమిషాలు.
టీ నేనే ఇప్పించాను.

పంతం కొద్దీ సఖినేటిపల్లి పెళ్ళి ఎక్కించాను,
ఆరు కెమెరాలు, తొమ్మిది గంటల బొమ్మ,
ముక్కలు ముక్కలుగా.
డెస్క్‌టాపు మోటారు పడవ.
రివ్వున పోతుంది, ఎనిమిది మందిని దింపుతుంది,
వస్తుంది, పోతుంది, ఇంకా గట్టున జనం తరగరు.
సర్వరు పంటు.
కదలడానికే బద్ధకం,
కదిలిందా,
రెండాటోలు, కొబ్బరికాయల ట్రాక్టరు, ఓ గేదె,
చంటిపిల్లతో తల్లి,
అంతా ఒకే ట్రిప్పులో అవతలి గట్టు.

అర్ధరాత్రి దాటాక తొంభై శాతం.
అక్కడ ఆగింది.
ముక్కలన్నీ తయారు.
వాటిని వరస తప్పకుండా కలపడం ఒక్కటే మిగిలింది,
ఆ పని ఒక్క కోరే చెయ్యాలట.
మళ్ళీ ఇరవై ఏడు మంది రేవులో.

రుస్తుంబాదలో సూరాయమ్మ గారి అరుగు గుర్తొచ్చింది.
బల్లగుడ్డకి నూట నలభై లేసు పూలు.
ఇరవై ఇళ్ళలో అల్లిక, వారంలో అయిపోతుంది.
అతుకు మాత్రం ఆవిడదే.
పువ్వుకీ పువ్వుకీ మధ్య దారం ఎంత బిగించాలో
ఆ చూపుడువేలికే తెలుసు.
ఇంకో నలభై మందిని పెడదామా అని ఏజెంటు అడిగితే
కళ్ళజోడు సవరించుకుంటూ అంది:
"పూలు తొందరగా వస్తాయి నాయనా.
గుడ్డ రాదు."

సర్వరుది ఒకటి ఒప్పుకోవాలి.
జ్ఞాపకంలో ఒక్క గుర్తు తారుమారైతే
తానే దిద్దుకుని, తేదీ వేసి రాసిపెట్టుకుంటుంది.
ఆ చిట్టా తెరిచాను.
చెరువుల్లో ప్రాణవాయువు లెక్కేసిన మూడేళ్ళలో
నాలుగు తప్పులు, నాలుగు దిద్దుబాట్లు.
ఆఖరిది కంపెనీ జీతాలు ఆపేసిన నెల.
అప్పటికి దాన్ని చూసేవాళ్ళు ఎవరున్నారో.
నా డెస్క్‌టాపు ఎన్ని తప్పిందో నాకెప్పుడూ తెలీదు.
అదీ చెప్పలేదు.

రెంటికీ మధ్య ఓ నీలం తీగ వేశాను.
ముక్కలు అక్కడ, అతుకు ఇక్కడ.
గోడ మీద మీటరు మాత్రం
ఎవరి పక్షమూ లేకుండా పరుగెడుతోంది.

తెల్లారి మొదటి పంటు హారను కొట్టింది.
"ఇంతకీ ఎవరు గెలిచారు గురూ,
ఇవాళ టీ ఎవరిది?" అంటున్నాడు ఏసుపాదం.
ఉండరా అన్నాను.
మూడోముడి దగ్గర
రెప్పపాటు కుదుపొకటి కనిపించింది.
వెనక్కి తిప్పి
మళ్ళీ చూస్తున్నాను.