పోలేరి, తట్టలు ముప్పై

కొత్తపట్నం దగ్గర కాలవ గట్టున టీ తాగతా ఉంటే
పక్కనున్నాయన నవ్వుతానే అడిగాడు:
"మీవోళ్ళు ధాత కరువులో గంజికోసం కలిశారంట గదా?"

అవును.
గంజికోసమే.
గంజిని చిన్నమాట అనుకునేవోడు
దానికోసం ముంత పట్టుకు నిలబడినోడు కాడు.

మా జేజెమ్మకు జేజెమ్మ పోలేరి.
ఆ యేడు గొడ్లన్నీ చచ్చి
వాడలో తోళ్ళు గుట్టలు పడ్డాయి,
చెప్పులు కుట్టించుకునే కాళ్ళు మాత్రం లేవు.
ఆసాముల పాతర్లలో ఎలకలు కూడా లేచిపోయాయి.
కళ్ళంలో కొలిచే మేర ఆగిపోయింది.
మేర తెగినాక
ఇంక ఆ ఊరు ఎవరిదని ఉండాల?

సముద్రం పక్కన కాలవ తవ్వుతున్నారంటే
మూడు రోజులు నడిచింది,
చంకలో పిల్ల, నెత్తిన ఖాళీ తట్ట.
గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు: పేరు?
అంతకుముందు ఎవరూ అడగలా.
ఒసే అంటే పలికేది, అంతే.
ఆయన రాసుకున్నాడు:
పోలేరి, తట్టలు ముప్పై.

కాలవలోకి నీళ్ళు రాకముందే పిల్ల పోయింది.
ఎక్కడ పూడ్చిందో చెప్పలేదు.
ఇప్పుడు ఆ చోటుమీద పడవలైనా తిరగవు,
గుర్రపుడెక్క.

మాపటేళ ఒకడు పుస్తకం చదివేవాడంట.
దొర కాదు, మావోడే,
గోళ్ళలో తంగేడుచెక్క రంగు ఇంకా పోనోడు.
కథ ఆమె సగమే వినింది.
అక్షరాలమీద పోతా ఉన్న
ఆ వేలునే చూస్తా కూచుంది.

తర్వాత వానలు పడ్డాయి.
గంజి కడవలు బోర్లించేశారు.
అప్పుడు, ఇది ఎవరూ చెప్పరు, అప్పుడు పోయింది
గుండ్లకమ్మకు,
కొంగున సొంత కూలిడబ్బులు ముడేసుకుని.
నడుముల్లోతు నీళ్ళలో మునిగి లేచింది.
వేరే పేరు పెడతామన్నారంట.
"తట్టలు మోసింది పోలేరి.
మునిగింది ఇంకొకతె ఎట్టా అవుద్ది?" అనిందంట.
ఏసయ్య రిజిస్టర్లో
అమ్మోరి పేరు అట్నే ఉండాదని
మా నాయన ఒట్టేసేవాడు. నేను చూళ్ళేదు.

కరువు తోసిందో, కాలవ లాగిందో,
ఆ వేలు పిలిచిందో,
దేవుడికి వీటిలో వాటా ఎంతో
లెక్క రాసిన గుమాస్తా లేడు.

ఇదంతా ఆయనకు చెప్పలా.
రెండు టీలకూ డబ్బులు నేనే ఇచ్చా.
కొట్టబ్బాయి మా గ్లాసులు రెండింటినీ
ఒకే బకెట్లో
ముంచి తీశాడు.