కనపడని పలక

నరసాపురం రేవు పక్కన, పాత ఐసు ఫ్యాక్టరీ రేకుల కింద
మా షెడ్డు.
పదేళ్ళు ఫైబరు పడవలు పోశాం.
ఇప్పుడు పలకలు.

ముందు అడుగున కార్బను నేత, కాటుకంత నలుపు.
దానిమీద గాజుగుడ్డ, మళ్ళీ గాజుగుడ్డ,
పైన నల్లసిరా గళ్ళు అచ్చేసిన గుడ్డ.
పొర పొరకీ జిగురు పూసి
రోలరుతో బుడగల్ని అంచుదాకా తరుముతాను.
ఒక్కటి మిగిలినా ఖుద్దూసు గారి ముఖం మారిపోద్ది.

లేసు అల్లిన చెయ్యి నాది.
మా నాయనమ్మ మిషను బడిలో నేర్చింది, నేను ఆమె ఒళ్ళో.
లేసులో దారం కొంచెం, ఖాళీ ఎక్కువ.
ఖాళీ ఎక్కడుండాలో తెలియడమే పని.
మొన్న అచ్చుగుడ్డలో గడి ఒకటి నూలంత జరిగితే
మిషను కంటే ముందు నా వేలు పట్టింది.

రాడారు అల వస్తుందట.
కొంత పైపొర దగ్గరే వెనక్కి తిరుగుద్ది,
కొంత లోపలికెళ్ళి అడుగు తాకి వస్తుంది.
రెండూ ఎదురుపడి ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి.
ఆ బలమంతా సిరా గళ్ళలో వేడైపోద్ది.
"చెయ్యి పెడితే తెలుస్తుందా సార్?"
"తెలీదు సరోజినీ. అంత తక్కువ."
మందం నాలుగు మిల్లీమీటర్లకి కాస్త లోపు.
తేడా వస్తే అల తప్పించుకుని ఇంటికెళ్ళిపోద్ది.

పూత అయితే సుళువు. ఇది మొయ్యాలి కూడా.
వంచే మిషనులో పెట్టి నొక్కుతారు.
పలక విల్లయి, కిర్రుమని, ఆగుద్ది.
"బరువు మొయ్యాలి, వచ్చింది దిగమింగాలి,
బయటికి తెలియనివ్వకూడదు. అచ్చం ఆడాళ్ళే"
అన్నాడు స్టోర్సు చిట్టిబాబు.
నాకా పోలిక నచ్చలేదు.
పలక్కి నొప్పి లేదు. మింగినదాన్ని
రాత్రిళ్ళు నెమరెయ్యదు.

నాకు నిద్ర పట్టనిది వేరే సంగతికి.
మా ఆయన పడవా ఫైబరే, నేను పోసిందే.
అంతర్వేది మొగ దాటి వల వేసుకు కూచుంటే
పెద్ద ఓడ తెరమీద అది చుక్కైనా కాదట.
ఐదేళ్ళ కిందట ఓలేటి పైడయ్య పడవ మీంచి
ఏదో ఓడ వెళ్ళిపోయింది.
ఆ ఓడకి కుదుపైనా తెలిసుండదు.

శనివారం అడిగేశాను:
"మింగేది నేర్పారు సార్. తిప్పికొట్టేది ఏది?"
ఆయన కాసేపు మాట్లాడలేదు.
తుక్కులోంచి అల్యూమినియం రేకు తీసి
మూడు ముక్కలు నిలువుకి అడ్డంగా చేర్చారు.
"గది మూలలాగ. ఏ వైపు నుంచి వచ్చినా
వచ్చిన దారినే పంపేస్తుంది."
రాగితీగతో కుట్లు నేనే వేశాను. లేసు ముడి.

పడవ జెండా కర్రకి కట్టాం.
మొదటిరోజే మా ఆయన దానిమీద తడి తువ్వాలు ఆరేశాడు.
తీసి మొహాన కొట్టాను.
"కనపడయ్యా, కాస్త కనపడు."
"ఎవరికే?"
"ఓడకి."