ఉదాహరణ వాక్యం

ఆ పేజీ ఇంకా తడికి ఉబ్బే ఉంది.
ఏప్రిల్ మొదటి వారం, స్వేల్‌డేల్ లోయ,
గొర్రెలు ఈనే కాలం.
పల్లెల్లో మాటలు ఏరుకు రమ్మని
లీడ్స్ నుంచి నన్ను పంపారు.
ఒక సంచీ, తొమ్మిది వందల ప్రశ్నలు,
పట్నం బూట్లు.

ప్రశ్న ఇలా అడగాలి:
"అక్షరం రాకపోయినా పని తెలిసిన మనిషిలో
ఉండేదాన్ని మీరేమంటారు?"
మాట మనం అందించకూడదు.
ముగ్గిన పండులా
వాళ్ల నోటి నుంచే రాలాలి.

ఆంబ్రోజ్ ఆల్డర్సన్ గోడ కడుతున్నాడు.
సున్నం లేదు, సిమెంటు లేదు,
ఉత్త రాయి మీద రాయి.
ప్రశ్న రెండుసార్లు చదివాను.
మూడోసారికి తలెత్తకుండానే అన్నాడు:
"నౌస్."

హౌస్‌కి, మౌస్‌కి జోడీగా పలికాడు.
నాకు ఒళ్లు ఝల్లుమంది.
ఆ మాట నాకు తెలుసు.
కాలేజీలో మా ముసలి ప్రొఫెసర్
దాన్ని "నూస్" అని
వేడి సూప్ ఊదుకున్నట్టు పలికేవాడు.
తత్వవేత్తల మాట అనీ,
నక్షత్రాలను తిప్పే బుద్ధి అనీ
బోర్డు మీద గ్రీకులో రాసేవాడు.
అది ఇక్కడ, ఈ పేడచేతుల మధ్యకి
ఏ దారిన నడిచి వచ్చినట్టు?

ఉండబట్టలేక చెప్పేశాను:
"ఇది గ్రీకు మాటండీ, రెండు వేల ఏళ్ల పైమాటే."
ఆయన చేతిలో రాయిని ఒకసారి తిప్పి చూశాడు.
"అట్లాగా" అన్నాడు.
"మా నాన్నదనుకున్నా."

అర్థం చెప్పమన్నాను.
చెప్పలేదు.
ఎత్తిన రాయికి చోటు దొరికేదాకా
కింద పెట్టకూడదట. వెతికాడు, పెట్టాడు,
అది అక్కడే పుట్టినట్టు కూర్చుంది.
"నౌస్ అంటే ఇదేనా?" అన్నాను.
"ఇది గోడ" అన్నాడు.

అప్పుడే వెనక నుంచి కేక.
నేను తీసిన గేటు
తీసినట్టే ఉంది.
నలభై ఒక్క చూడి గొర్రెలు
రోడ్డెక్కి దిగువకు పోతున్నాయి,
చర్చికి ఆలస్యమైన ఆడవాళ్లలా.
ఆయన భార్య హెస్టర్ ఆప్రాన్‌తోనే పరుగు,
కుక్క పరుగు,
బురదలో ఒక బూటు వదిలేసి నేనూ పరుగు.
ఆంబ్రోజ్ పరుగెత్తలేదు.
పొలానికి అడ్డంపడి వంతెన దాకా నడిచి
కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. అంతే.
గొర్రెలు వచ్చి, చూసి, ఆగాయి.

సాయంత్రం టీ పోస్తూ హెస్టర్
నాతో కాదు, కెటిల్‌తో అంది:
"ఈ పిల్లకి చదువు బండెడు.
నౌస్ చెంచాడు లేదు."
ఆంబ్రోజ్ నవ్వలేదు.
ఇంకో రొట్టెముక్క నా ప్లేటులో వేశాడు.

మా పనిలో నియమం ఒకటుంది:
విన్న వాక్యం విన్నట్టే రాయాలి,
కత్తిరించకూడదు, మొహమాటపడకూడదు.
పెన్సిలు చెక్కుకుని రాశాను.
అర్థం దగ్గరే గంటసేపు ఆగిపోయాను.
మేధ అందామా, దానికి కుర్చీ వెయ్యాలి.
తెలివి పరీక్షలు రాస్తుంది.
లౌక్యం తన జేబు తడుముకుంటుంది.
ఇది వేరే.
కంటికీ చేతికీ మధ్య ఎక్కడో
అద్దె కట్టకుండా కాపురముంటుంది.
చివరికి "ఇంగితం" అని రాసి
పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

ఆఫీసులో ప్రశ్నార్థకం కొట్టేశారు.
మార్జిన్‌లో ఎవరో ఎర్రసిరాతో అడిగారు:
"ఉదాహరణ బాగుంది. 'ఈ పిల్ల' ఎవరు?"
జవాబు రాయలేదు.

ఇప్పుడు నాకు ఎనభై తొమ్మిది.
నిన్న డాక్టరమ్మ నా బుర్ర పరీక్షించింది.
గడియారం బొమ్మ గీయమంది, గీశాను.
వందలోంచి ఏడేసి తీసేయమంది,
డెబ్బై తొమ్మిది దగ్గర దారి తప్పాను.
మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమంది.
రెండే మిగిలాయి.
ఆమె ఏదో కాగితం మీద టిక్కు పెట్టుకుంది.

బయటికొచ్చి ఆసుపత్రి గేటు వేశాను.
బస్టాపు దాకా వచ్చాక
వేశానో లేదోనని
మళ్లీ వెనక్కి వెళ్లాను.