కోరం

రెండో శనివారం, నాలుగు గంటలకు అని రాశాం.
నాలుగున్నర దాటింది.
వారాసిగూడ బడిలో, ఆరో తరగతి బెంచీల మీద
మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకొని
మెల్లమెల్లగా ఏడుగురమయ్యాం.
పదిహేను మందిలో సగం కావాలి కోరానికి.
సగమంటే ఏడున్నర.
ఆ అర మనిషిని ఎక్కడినుంచి తెద్దామని
ఇస్తారి ప్రతి నెలా అడుగుతాడు.
ప్రతి నెలా నవ్వుతాం.

ఇస్తారిది ఆటో. ఈ ఒక్క గంటా బేరాల్లేవని
మీటరు మీద ఎర్రగుడ్డ కప్పి మరీ వస్తాడు.
గౌసియా బేగం పండగ బట్టల కుప్పలోంచి లేచొచ్చింది,
మెడలో టేపు తీయడం మరిచి,
చంకలో నిద్రపోతున్న పిల్లాడితో.
పోశవ్వ తెల్లారుజామున సీతాఫల్‌మండి రోడ్లు ఊడ్చి
ఒక కునుకు తీసి వచ్చింది.
నేను చిక్కడపల్లి ప్రెస్సులో శుభలేఖలు కంపోజు చేస్తాను.
దస్తూరీ కూడా బాగుంటుందని
తీర్మానాల పుస్తకం నా ఒళ్లో పెట్టారు.
"అర మనిషి దొరికిండు" అన్నాడు ఇస్తారి
పిల్లాణ్ణి చూపిస్తూ.
సభ మొదలైంది.

హైమావతి మేడమ్ పాస్‌బుక్కు చదివారు:
మిగిలింది రెండు వేల నూట నలభై.
పై వారం తనిఖీకి పెద్దసారు వస్తున్నారు.
గేటుకు రంగేసి, స్వాగతం ఫ్లెక్సీ కట్టి,
కింద కమిటీ వాళ్ల ఫొటోలు వేయిద్దామా అన్నారు.
ఫొటో అనగానే, అబద్ధమెందుకు,
జుట్టు సవరించుకున్నాను.
ఇన్నేళ్లూ గోడల మీద ఎవరెవరి ముఖాలో చూసిన వాణ్ణి.

గౌసియా టేపు కొసను వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టి
"మా బిడ్డ సీసా" అన్నది.
ఎవరికీ అర్థం కాలేదు.
"పొద్దున నింపి ఇస్త. సాయంత్రం నిండుగనే వస్తది.
ఇంత ఎండల్ల గూడ.
తిట్టిన. ఒకదినం కొట్టిన.
నిన్న చెప్పింది, లెట్రిన్‌కు గొళ్లెం లేదు అమ్మీ,
నీళ్లు తాగితే పోవాల్సొస్తదని."

తలమీద ఫ్యాను కిర్రుమంటోంది.
పోశవ్వ అందుకుంది:
"ఒకతి లోపలికి పోతే ఒకతి బయట తలుపు పట్టుకుంటది.
మా మనుమరాలు పట్టుకునే పిల్ల.
దానికి లెక్కల పాఠం సగమే వచ్చు."

మేడమ్ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచారు,
తుడవాల్సినదానికన్నా ఎక్కువసేపు.
పోయినేడు పంపిన అర్జీ నంబరు ఆమెకు నోటికొచ్చు.
చెప్పారు.
ఎవరమూ ఏమీ అనలేదు.

గొళ్లెం నూట పది. మరలు వేరే.
నాలుగు తలుపులు, రెంటికి అడుగున కుళ్లు, రేకు కొట్టాలి.
రాణిగంజ్ పోయి తెస్తానన్నాడు ఇస్తారి,
గ్యాసు డబ్బులు రాయొద్దన్నాడు.
రాయకపోతే ఆడిట్టు ఊరుకోదని నేను.
దాని మీద పావుగంట.

చివరికి రాశాను:
"బాలికల మరుగుదొడ్ల తలుపుల మరమ్మతుకు
ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."
ఆ వాక్యంలో సీసా లేదు.
తలుపు పట్టుకొని నిలబడ్డ పిల్ల లేదు.
నా జుట్టు సంగతీ లేదు.

పెద్దసారు వచ్చి పదకొండు నిమిషాలున్నారు.
ఫ్లెక్సీ ఏదని అడిగారు.
ఒక గొళ్లెం తలకిందులుగా బిగించారని
ఆయన చూడలేదు, మేమూ చెప్పలేదు.

మళ్లీ రెండో శనివారం. మళ్లీ నాలుగున్నర.
గౌసియాకు పెళ్లి బట్టలున్నాయట, కూతుర్ని పంపింది,
అమ్మ రాదని చెప్పి రమ్మని.
ఆ పిల్ల గుమ్మంలోనే సీసా ఎత్తి
అడుగున మిగిలిన రెండు గుక్కలూ తాగి,
మూతి తుడుచుకొని,
"మూడోదాని గొళ్లెం మస్తు టైటుంది సార్,
నూనె పోయండి" అని ఉరికింది.

కోరం లేదు.
అయినా పుస్తకం తెరిచాను.
ఒకటో అంశం: నూనె.