కట్టురాయి

సింధుపాల్‌చోక్ కొండమీద
సాయంత్రం నాలుగింటికి
కట్టిన గోడను కట్టినామే పడగొడుతోంది.

చినీమాయా తమాంగ్, తాపీమేస్త్రి.
రాయిని అరచేత్తో ఒక్కసారి చరిచి
లోపలి పగులును చెవితో పట్టేయగల మనిషి.
ఇంటి యజమాని ముక్తిరామ్ లబోదిబోమంటున్నాడు:
"మూడు వరుసలు! ఒకరోజు కూలి!"
ఆమె బదులివ్వదు.
తప్పుపడిన అల్లిక విప్పుతున్నట్టు
ఒక్కో రాయీ తీసి పక్కన పెడుతోంది.

పొద్దున ఆమె నీళ్ళకి వెళ్ళినప్పుడు
కుర్రాళ్ళు పొడుగు రాళ్ళు మొయ్యలేక
పొట్టివాటితో సరిపెట్టేశారు.
పైకి ఏమీ తెలియదు.
రాతిగోడంటే నిజానికి రెండు గోడలు,
ఇంట్లోకి చూసేది ఒకటి, వీధిలోకి చూసేది ఒకటి,
నడుమ మట్టీ గులకా.
ఈ మొహం నుంచి ఆ మొహం దాకా
అడ్డంగా పడుకుని రెంటినీ పట్టి ఉంచే రాయి లేకపోతే
పైకి మాత్రం కాపురం చేస్తున్న జంట అది.
ఊపు వచ్చిన రోజు
ఎవరి దారి వాళ్ళది.

ఆ శనివారం మధ్యాహ్నం కావస్తుండగా
ఆమె భర్త కట్టిన గోడ
కుట్టు తెగిన గోనెసంచిలా ముందుకు ఉబ్బి కుమ్మరించింది.
దాని నీడన అత్త చోళ్ళు చెరుగుతోంది.
చాటను తర్వాత ఎవరో తెచ్చిచ్చారు.
చాటకేమీ కాలేదు.

మనవరాలు సంజిత, ఎనిమిదో క్లాసు,
సందు రాళ్ళు అందిస్తూ పాఠం అప్పజెబుతోంది:
"ముందొచ్చే అల తోస్తుంది, వెనకాల వచ్చేది ఊపుతుంది.
ఇళ్ళు కూల్చేది ఎక్కువగా ఆ రెండోదే.
రెంటి నడుమ ఎన్ని సెకన్లో లెక్కపెట్టి
ఎనిమిదితో హెచ్చవేస్తే
ఎన్ని కిలోమీటర్ల అవతల పుట్టిందో రమారమి తెలుస్తుంది."
"లెక్కపెడుతూ కూచుంటావా?"
"బల్లకింద దూరి, బల్లకాలు పట్టుకుని లెక్కపెడతా."
"ఎప్పుడొస్తుందో ఉందా నీ పుస్తకంలో?"
"ఎవరి పుస్తకంలోనూ లేదు."
చినీమాయా తలూపింది,
అదొక్కటే తనకీ తెలిసిన పాఠం అన్నట్టు.

మీదే ఊరని అడిగితే
దక్షిణాన, దక్కను పీఠభూమి అన్నాను.
సుత్తి ఆపి తేరిపార చూసింది.
"అయితే తోస్తున్నది మీరేనన్నమాట."

అవును. కదలదని నేను నమ్మిన నల్లరాతి నేలే
ఏడాదికి బొటనవేలి వెడల్పున
వీళ్ళ కొండల కిందికి దూరుతోంది.
దూరలేక ఇరుక్కుని, బిగుసుకుని,
తరాల తరబడి మింగిన విసురునంతా
ఒక్క నిమిషంలో కక్కుతుంది.
అక్కడ రిజిస్ట్రారాఫీసుల్లో మనం
దాన్ని స్థిరాస్తి అని రాసుకుంటాం.

క్షమాపణ చెప్పాలో అక్కర్లేదో తేలక
ఒక పొడుగు రాయి ఎత్తబోయాను. లేవలేదు.
"ఆ చివర పట్టుకోండి" అంది.

చీకటి పడేలోగా కట్టురాయి పడింది.
రెండు అడుగుల అవతల ఇంకోటి.
రేపు కిటికీల కింద ఒక కట్టు, గుమ్మాలపైన ఒకటి,
కప్పు కింద మరొకటి,
ఇంటి నడుముకు మొలతాళ్ళు.
అందాకా రేకుల షెడ్డులో
ముక్తిరామ్ భార్య మేకుకి తగిలించిన సంచీ:
టార్చి, ఈల, అటుకులు,
ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పొలం కాగితాలు.

సగం కూలే ఇస్తానన్నాడు ముక్తిరామ్.
"గోడ అయ్యాక మాట్లాడదాం" అంది చినీమాయా,
మోచేతుల దాకా మట్టి కడుక్కుంటూ.